నాలుక మీది రంగు



ఎండాకాలం వచ్చిందంటే మా వేప్పనపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో మారెమ్మ పండగలు వరసగా జరుగుతాయి. తమిళం మాట్లాడేవాళ్ళు, తెలుగువాళ్ళు, కన్నడం వాళ్ళు అందరూ ఒకే గుడి ముందు చేరతారు. అక్కడ పీచుమిఠాయి బండి లేకుండా పండగ ఉండదు. తమిళంలో దాన్నే పంజుమిట్టాయి అంటారు. పేరు ఏదైనా పిల్లలకు కావలసింది దాని రంగు.

2023 ఎండాకాలంలో అలాంటి ఒక పండగలో మా బడిలో ఐదో తరగతి చదివే పిల్లవాడు నాకు ఎదురుపడ్డాడు. నాలుక బయటపెట్టి, "సార్, చూడండి" అన్నాడు. నాలుక, పెదవులు, పళ్ళు అన్నీ గులాబీ రంగు. నవ్వి, నా చేతిగుడ్డ తడిపి మూతి తుడిచాను. "సార్, ఇది పోతుందా?" అని అడిగాడు. "కడిగితే పోతుందిలేరా" అన్నాను. వాడి మూతి మీది రంగు మర్నాటికి పోయింది. నా చేతిగుడ్డ మీది మరక మాత్రం మూడు ఉతుకులు ఉతికినా పోలేదు.

ఆ తరువాత సంవత్సరం, 2024 ఫిబ్రవరి 17న, తమిళనాడు ప్రభుత్వం రోడమిన్-బి అనే రంగు కలిసిన పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. చెన్నైలో అమ్ముతున్న మిఠాయిని గిండీలోని ప్రభుత్వ ఆహార పరీక్షాశాలకు పంపితే అందులో ఆ రంగు బయటపడింది. అంతకు కొద్ది రోజుల ముందే పుదుచ్చేరిలోనూ నిషేధం వచ్చింది. రోడమిన్-బి అంటే బట్టలకు, కాగితాలకు వేసే రంగు. ఆ వార్త చదివినప్పుడు నాకు నా చేతిగుడ్డ గుర్తుకొచ్చింది. నా గుడ్డ మీద పడింది ఆ రంగేనని పరీక్ష చేయించినవాణ్ణి కాను. కానీ బట్టకు వేసే రంగు బట్టను వదలకపోవడంలో వింత ఏముంది? పిల్లవాడు అడిగిన ప్రశ్నకు నేను తెలియకుండానే జవాబు చెప్పానని అప్పుడు తెలిసింది. ఈనాటి ప్రసంగం ఆ ప్రశ్నకు సరైన జవాబు వెతుక్కునే ప్రయత్నం.

అసలు ఆహారంలో ఏదో ఒకటి కలపడం కొత్త సంగతి కాదు. మన ఊరగాయలో ఉప్పు, నూనె, పసుపు ఎందుకు వేస్తాం? రుచికి మాత్రమే కాదు, ఏడాది పొడవునా బూజు పట్టకుండా నిలవ ఉండటానికి. అప్పడాల పిండిలో అప్పడాల కారం వేస్తాం. ఇడ్లీకి, బజ్జీకి సోడా ఉప్పు వేస్తాం. నిమ్మ ఉప్పు కలుపుతాం. ఇవన్నీ రసాయనాలే. కాబట్టి "రసాయనం" అనే మాట వినగానే బెదిరిపోనవసరం లేదు. ఏది కలిపారు, ఎంత కలిపారు, ఎవరికి చెప్పి కలిపారు అన్నవే చూడవలసిన సంగతులు.

అలాగే, కలపడం వేరు, కల్తీ వేరు. మనవాళ్ళు కల్తీని చాలా పూర్వమే గుర్తించారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధాన్యం, నూనె, ఉప్పు, మందులు వంటివాటిలో నాసిరకం సరుకు కలిపి అమ్మినవాడికి 12 పణాలు జరిమానా చెప్పారు. అంటే అమ్మేవాడి చేతివాటం ఎంత పాతదో, దానికి శిక్ష కూడా అంత పాతదే.

అయితే మన పాతకాలపు రంగులు పసుపు, కుంకుమపువ్వు వంటి మొక్కల నుంచి వచ్చినవి. కథ మారింది 1856లో. ఆ ఏడు లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు మలేరియా మందు తయారు చేయబోయి, బొగ్గు తారు నుంచి ఊదారంగు తీశాడు. దాని వెంట ఎరుపు, పసుపు, నీలం ఎన్నో వచ్చాయి. అవి బట్టల కోసం పుట్టిన రంగులు. చవక, చిటికెడు చాలు, ఎండకు తొందరగా వెలవవు. అందుకే అవి బట్టల అంగడి నుంచి మిఠాయి అంగడికి నడిచి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

అంతకు ముందు ఇంగ్లండులో మిఠాయిలు శుభ్రంగా ఉండేవని అనుకోకండి. 1820లోనే ఫ్రెడరిక్ ఆకమ్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్‌లో ఏ తిండిలో ఏ విషం కలుపుతున్నారో రాసి పుస్తకం వేశాడు. పిల్లల మిఠాయిలకు ఎర్రరంగు రావడానికి సీసపు భస్మం, పచ్చరంగుకు రాగి ఉప్పులు వాడేవారు. జనం చదివారు, ఆశ్చర్యపోయారు, మరచిపోయారు. 1858లో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో చక్కెర ఖరీదు మిగుల్చుకోవడానికి మిఠాయిలో తెల్ల సుద్దపొడి వంటిది కలపబోయి, పొరపాటున పాషాణం కలిపేశారు. ఆ మిఠాయి తిని 20 మంది దాకా చనిపోయారు. రెండు వందల మంది మంచాన పడ్డారు. ఆ తరువాత రెండేళ్ళకు, 1860లో, అక్కడ కల్తీ మీద మొదటి చట్టం వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఈ చరిత్రలో ఇది మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

అమెరికాలో ఇంకో రకంగా జరిగింది. పాలు విరగకుండా ఫార్మలిన్, మాంసం చెడకుండా బోరాక్సు కలుపుతున్న రోజులవి. 1902లో హార్వీ వైలీ అనే ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్త పన్నెండు మంది యువకులను పోగు చేసి, వాషింగ్టన్‌లో తన కార్యాలయం కింది గదిలో వారికి రోజూ భోజనం పెట్టాడు. ఆ భోజనంలో ఇటువంటి మందులను కొలిచి కలిపి, వారి ఒంట్లో ఏ మార్పు వస్తుందో రాసిపెట్టాడు. పత్రికలవాళ్ళు వారికి "విషదళం" అని పేరు పెట్టారు. ఈ రోజుల్లో మనుషుల మీద అలాంటి పరీక్ష ఎవరూ ఒప్పుకోరు. కానీ ఆ యువకుల కడుపునొప్పులు, తలనొప్పులు ఊరికే పోలేదు. 1906లో అమెరికాలో శుద్ధ ఆహార చట్టం వచ్చింది.

ఇక మన సంగతి చూద్దాం. 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలో 272, 273 సెక్షన్లు ఆహార కల్తీకి ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పెట్టాయి. మన ప్రాంతం అప్పుడు మద్రాసు రాజధానిలో, సేలం జిల్లాలో భాగం. మద్రాసు ప్రభుత్వం 1918లో కల్తీ నివారణ చట్టం చేసింది. అదే 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ అనే వైద్యుడు, బెరిబెరి జబ్బుకు కారణం తెలుసుకోవడానికి ఒక చిన్న గదిలో పరిశోధన మొదలుపెట్టాడు. ఆ చిన్న గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది. తమిళ గడ్డ మీద పుట్టి తెలుగు గడ్డ మీద పెరిగిన సంస్థ అది. మనలాంటి సరిహద్దు వాళ్ళకు అది దగ్గరి చుట్టం లాంటిది. మనకు ఇటు పక్కన మైసూరులో 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. ఆహారం చెడకుండా నిలవ ఉంచే మార్గాల మీద అక్కడ ఎంతో పని జరిగింది.

ఆ రోజుల్లో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం. మన వేప్పనపల్లి నుంచి ఒక పక్క కుప్పం దారి, ఇంకో పక్క కోలారు జిల్లా. సరుకుకు ఎల్లలు తెలియవు కదా! ఒక చోట తప్పయింది ఇంకో చోట ఒప్పయితే, బస్తా రాత్రికి రాత్రి గట్టు దాటుతుంది. అందుకే రాజ్యాంగంలో ఆహార కల్తీని ఉమ్మడి జాబితాలో చేర్చారు. 1954లో పార్లమెంటు ఆహార కల్తీ నివారణ చట్టం చేసింది. అది 1955 జూన్ 1 నుంచి అమలైంది. దాని స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చి, 2011 ఆగస్టు 5 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది.

ఈ చట్టాల కింద మన దేశంలో అనుమతి పొందిన కృత్రిమ రంగులు ఎనిమిదే. ఎరుపుకు పోన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. పసుపుకు టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో. నీలానికి ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చకు ఫాస్ట్ గ్రీన్. ఇవి కూడా కొన్ని పదార్థాల్లోనే వాడాలి. రోడమిన్-బి ఈ పట్టికలో లేదు. లడ్డులోను, పసుపులోను దొంగగా కలిపే మెటానిల్ యెల్లో కూడా లేదు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఇలాంటి రంగుల వల్ల కాలేయం వంటి అవయవాలకు హాని కనిపించింది. రోడమిన్-బి మనిషికి కాన్సర్ తెస్తుందా అంటే, తేల్చి చెప్పడానికి సాక్ష్యం చాలదని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ అంది. ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కానీ తేలని వస్తువును పిల్లల మీద తేల్చుకోవలసిన అవసరం మనకు ఏముంది?

మరి అనుమతి ఉన్న రంగులకైనా కొలత ఎందుకు? తమిళంలో ఒక సామెత ఉంది, మనందరికీ తెలిసిందే: "అళవుక్కు మింజినాల్ అమిర్దముం నంజు." కొలత మించితే అమృతమూ విషమే. శాస్త్రజ్ఞులు చేసింది ఆ కొలతను లెక్కగట్టడమే. 1956 నుంచి ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణుల కమిటీ ఈ పని చేస్తోంది. ఒక పదార్థాన్ని జంతువులకు పెట్టి, ఏ హానీ కనిపించని మోతాదును చూస్తారు. దాన్ని మామూలుగా నూరుతో భాగిస్తారు. జంతువుకు, మనిషికి ఉండే తేడాకు పది వంతులు, మనిషికి మనిషికి ఉండే తేడాకు ఇంకో పది వంతులు. అలా వచ్చిన దాన్ని జీవితాంతం రోజూ తిన్నా ఫరవాలేదు అనుకోవచ్చు.

పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి ఒక చిన్న లెక్క చెప్పనివ్వండి. ఎరిత్రోసిన్ అనే ఎర్రరంగుకు ఆ కమిటీ పెట్టిన హద్దు రోజుకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము. మీ ఇంట్లో పిల్లవాడి బరువు 20 కిలోలు అనుకోండి. వాడి హద్దు రోజుకు 2 మిల్లీగ్రాములు. మన నిబంధనల్లో చాలా పదార్థాలకు చాలాకాలంగా ఉన్న హద్దు, కిలో తిండిలో 100 మిల్లీగ్రాముల రంగు. ఆ హద్దు దాకా ఎరిత్రోసిన్ వేసిన మిఠాయి 20 గ్రాములు తింటే చాలు, పిల్లవాడి ఆనాటి వాటా అయిపోతుంది. 20 గ్రాములు అంటే నాలుగు చిన్న బిళ్ళలు. అరవై కిలోల పెద్దమనిషికి అదే మిఠాయి 60 గ్రాముల దాకా ఫరవాలేదు. కానీ రంగు మిఠాయి తినేది పెద్దవాళ్ళా, పిల్లలా? ఒక రోజు హద్దు దాటితే వెంటనే జబ్బు రాదు, నిజమే. ఆ హద్దు జీవితాంతానికి వేసినది. అలవాటు అయితేనే చిక్కు. ఇక చట్టబద్ధమైన రంగుకే లెక్క ఇలా ఉంటే, బండి మీద అందాజుగా వేసే చిటికెడు మాటేమిటి?

ఇది ఊహ లెక్క మాత్రమే కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు ఆ నగరంలో జనం తినే రంగు తిండిని కొలిచి 2004లో ఫలితాలు ప్రకటించారు. టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, ఎరిత్రోసిన్ వంటి రంగులు కొందరి విషయంలో హద్దు దాటుతున్నాయని తేలింది. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ఆరు రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాలను పిల్లలకు ఇచ్చి చూశారు. కొందరు పిల్లల్లో నిలకడ లేనితనం పెరిగింది. అందరిలోనూ కాదు, అంత ఎక్కువా కాదు. అయినా 2010 నుంచి ఐరోపా దేశాల్లో ఆ ఆరు రంగులు వాడితే, పిల్లల శ్రద్ధ మీద ప్రభావం ఉండవచ్చని పొట్లం మీద రాయాలన్నారు. ఎరిత్రోసిన్‌కు అమెరికా 2025 జనవరిలో అనుమతి ఉపసంహరించింది. మగ ఎలుకల్లో థైరాయిడ్ గడ్డలు కనిపించడమే కారణం. మనుషుల్లో అలా జరుగుతుందని రుజువు లేదని కూడా వాళ్ళే చెప్పారు.

శాస్త్రం కొన్నిసార్లు భయాన్ని వెనక్కి తీసుకుంటుంది కూడా. 1970లలో శాకరిన్ ఎలుకలకు మూత్రాశయ కాన్సర్ తెస్తుందని గోల పుట్టింది. అది ఎలుకల శరీర తీరు వల్ల జరిగిందని, మనిషికి వర్తించదని తరువాత తేలి, 2000లో అమెరికా దాన్ని కాన్సర్ కారకాల పట్టికలో నుంచి తీసేసింది. అజినమోటో అని మనం పిలిచే ఉప్పును 1908లో జపాను శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి గుర్తించాడు. దాన్ని విషమంటూ ఎంతో ప్రచారం జరిగింది. 1987లో నిపుణుల కమిటీ దానికి అంకెల్లో హద్దు అవసరం లేదంది. ఏడాది నిండని పసిపిల్లల ఆహారంలో మాత్రం మన చట్టం దాన్ని ఒప్పుకోదు. కాబట్టి వినిన ప్రతి భయాన్నీ నమ్మనవసరం లేదు, వినిన ప్రతి భరోసానూ నమ్మనవసరం లేదు.

ఇప్పుడు మన జిల్లా మామిడి దగ్గరకు వద్దాం. కృష్ణగిరి అంటేనే మామిడి. తోతాపురి గుజ్జు ఇక్కడి కర్మాగారాల నుంచి దేశాలు దాటి పోతుంది. మా తాతల కాలంలో కాయను గడ్డిలో మాగబెట్టేవారు. వారం పట్టేది. తరువాత తొందర ఎక్కువై కార్బైడు రాయి వచ్చింది. దానికి తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. కాయ పైన పచ్చగా మెరుస్తుంది, లోపల పులుపు అలాగే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. ఆ రాయిలో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉండటం వల్ల అది ప్రమాదం. అందుకే చట్టం దాన్ని నిషేధించింది. దానికి బదులు హద్దు లోపల ఎథిలీన్ వాయువు వాడటానికి అనుమతి ఉంది. ఎథిలీన్ పండు తనంతట తాను పుట్టించుకునే వాయువే. బెల్లం సంగతీ ఇంతే. అచ్చులు తెల్లగా రావాలని పాకంలో హైడ్రోస్ అనే తెలుపు మందు వేస్తారు. తెల్ల బెల్లం అడిగేది మనమే, కాబట్టి తప్పులో మనకూ వాటా ఉంది.

ఈ మాట నాకు ఒక పీచుమిఠాయి బండి అతను నేర్పాడు. నిషేధం వచ్చిన తరువాత ఒకరోజు అతన్ని అడిగాను, రంగు ఎక్కడ కొంటావని. "సంతలో పొట్లం దొరుకుతుంది సార్. దాని మీద ఏం రాసిందో నాకు చదవను రాదు. పిల్లోళ్ళు ఎర్రగా ఉంటేనే వస్తారు. తెల్లగా చేస్తే ఎవురు చూస్తారు? మా పిల్లకాయలూ ఇదే తింటారు కదా సార్" అన్నాడు. అతను విషం అమ్ముతున్నానని అనుకోలేదు. పొట్లం తయారు చేసినవాడికి తెలుసు. మధ్యలో అమ్మినవాడికి తెలిసి ఉండవచ్చు. చివరికి బండివాడికీ, పిల్లవాడికీ తెలియదు. తెలిసినవాడు తినడు, తినేవాడికి తెలియదు. ఈ రెండు వందల ఏళ్ళ చరిత్రంతా ఇంతే.

నిషేధం అంటే పీచుమిఠాయి మీద కాదు, ఆ రంగు మీద. చక్కెర తెల్లగానే ఉంటుంది, తెల్లగా అమ్ముకోవచ్చు. కర్ణాటకలో కూడా 2024 మార్చి 11న గోబీ మంచూరియాలోను, పీచుమిఠాయిలోను కృత్రిమ రంగులు వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. అక్కడ పరీక్షించిన 171 గోబీ నమూనాల్లో 107 పనికిరానివిగా తేలాయి. ఎల్లకు అటూ ఇటూ ఒకే సంవత్సరంలో ఒకే మాట వినబడటం మనకు మంచిదే.

మనం చేయగలిగింది ఏమిటి? పొట్లం మీది రాత ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలని నిబంధన. తెలుగు మాత్రమే చదవగల మా అమ్మలాంటి వాళ్ళకు అది ఉన్నా లేనట్టే. కానీ అంకెలు అందరికీ వచ్చు. పొట్లం వెనక మూడంకెల సంఖ్యలు ఉంటాయి. 102 అంటే టార్ట్రజిన్, 110 సన్‌సెట్ యెల్లో, 122 కార్మోయిసిన్, 124 పోన్సో, 127 ఎరిత్రోసిన్, 133 బ్రిలియంట్ బ్లూ. 211 అంటే సోడియం బెంజోయేట్. 330 మన నిమ్మ ఉప్పు. ఆ రంగుల వరసలో మొట్టమొదటి సంఖ్య 100 ఎవరిదో తెలుసా? మన పసుపుది. కాబట్టి సంఖ్య ఉన్నంత మాత్రాన విషం కాదు. ఏ సంఖ్యో చూసుకోవాలి, ఎంత తరచుగా తింటున్నామో చూసుకోవాలి. పసుపు పొడి అనుమానంగా ఉంటే గ్లాసు నీళ్ళలో చెంచాడు వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు లేత రంగు ఇచ్చి అడుగుకు దిగుతుంది. రంగు కలిసినదైతే నీళ్ళు చిక్కటి పసుపు అవుతాయి. కొన్న సరుకు మీద గట్టి అనుమానం ఉంటే, రుసుము కట్టి పరీక్ష చేయించుకునే హక్కు కొన్నవాడికి చట్టం ఇచ్చింది. జిల్లాలో "ఉణవు పాదుగాప్పు" అని బోర్డు ఉన్న కార్యాలయం అందుకే ఉంది.

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఎన్నో ఏళ్ళు ఆగస్టు 15న జెండా ఎగరేశాక మా పిల్లలకు రంగురంగుల బిళ్ళలు పంచినవాణ్ణి నేనే. ఇప్పుడు చెనక్కాయ ఉండలు పంచుతున్నాం, నల్ల బెల్లంతో చేసినవి. మొదటి ఏడు పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. రెండో ఏడు ఇంకొకటి అడిగారు.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్ద బడికి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడితే చెబుతాను: "ఒరే, నాలుక మీది రంగు కడిగితే పోతుంది. లోపలికి పోయినదాన్ని కడగటానికి నా దగ్గర నీళ్ళు లేవు. అందుకే వేసుకోకముందే చూసుకో." మీ ఇంట్లో పిల్లలకు మీరూ ఈ మాట చెబుతారని ఆశిస్తున్నాను.